ఉప్పు చాలని సముద్రంలో గోట్లాండ్

శుక్రవారం, నీనెస్‌హామ్న్ నుంచి విస్బీ

బాల్టిక్ సముద్రపు నీళ్లు నోట్లో పోసుకుంటే వెంటనే ఉమ్మేయాలనిపించదు. స్వీడన్‌లోని నీనెస్‌హామ్న్ రేవులో గోట్లాండ్ ఓడ కోసం ఎదురుచూస్తూ, గట్టు మెట్ల దాకా దిగి దోసిట్లోకి తీసుకుని రుచి చూశాను. ఉప్పు ఉంది కానీ, పప్పులో ఉప్పు చాలక మరో చిటికెడు వేసుకోవాలనిపించే పాటిది. మామూలు సముద్రంలో లీటరు నీటికి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటే, గోట్లాండ్ దీవి చుట్టూ పైనీటిలో ఏడు గ్రాములు ఉంటే గొప్ప. ఇంకా ఉత్తరాన, స్వీడన్‌కూ ఫిన్లాండ్‌కూ మధ్య ఉన్న బోత్నియా అఖాతం కొసకు వెళ్తే అది రెండు మూడు గ్రాములకు పడిపోతుంది.

"అక్కా, ఇంత దూరం వచ్చింది సముద్రం నీళ్లు తాగడానికా?" అన్నాడు మా పిన్ని కొడుకు. వాడు స్టాక్‌హోంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. నేను నెల్లూరు జిల్లాలో జంతుశాస్త్రం పాఠాలు చెబుతాను. వాడి లెక్కలో యూరప్‌కు వచ్చినవాళ్లు పారిస్ వెళ్లాలి. నేనేమో పక్షులను చూడటానికి ఒక సున్నపురాయి దీవికి తీసుకెళ్లమన్నాను. "మన నేలపట్టులో లేని పక్షులా?" అని దారంతా సణిగాడు గానీ, ఓడ టికెట్లు, కారు, బస అన్నీ ముందుగానే చూసిపెట్టాడు.

ఓడ ప్రయాణం మూడు గంటల పైచిలుకు. కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ పులికాట్ గుర్తుకొస్తూనే ఉంది. అదీ ఇలాంటి కలగలుపు నీళ్లదే, కానీ స్వభావం వేరు. పులికాట్‌లో వానలకు నీళ్లు దాదాపు తీపెక్కుతాయి, ఎండాకాలంలో మన వైపు సరస్సు ఎండిపోతూ సముద్రం కంటే ఉప్పగా మారుతుంది. అక్కడ బతకాలంటే మార్పును తట్టుకోవాలి. బాల్టిక్‌లో అలాంటి ఊగిసలాట లేదు. ఏడాది పొడవునా అదే తక్కువ ఉప్పు. డెన్మార్క్ దగ్గరి ఇరుకు జలసంధులు తప్ప బయటి సముద్రంతో దీనికి వేరే దారి లేదు. నదులు తెచ్చిపోసే మంచినీళ్లు ఎక్కువ, ఆ గుమ్మంలోంచి లోపలికి వచ్చే ఉప్పునీళ్లు తక్కువ. మొత్తం నీళ్లు ఒకసారి మారడానికి పాతికేళ్లకు పైగా పడుతుంది. సముద్రపు జీవులకు ఉప్పు చాలదు, మంచినీటి జీవులకు ఉప్పు ఎక్కువ. ఆ మధ్యరకం నీళ్లలో నెగ్గుకొచ్చిన జాతులు చాలా కొద్ది. అందుకే ఇక్కడ ఒక జాతికి ఏదైనా అయితే దాని పని అందుకోవడానికి వెనక మరొకటి ఉండదు. ఈ దీవి చుట్టూ జరిగే పరిశోధనలకు ఇంత విలువ రావడానికి ఒక కారణం అదే.

దీవిలో మేం దిగిన విస్బీ నగరం, దాని మధ్యయుగపు ప్రాకారం, 1995లో వచ్చిన ప్రపంచ వారసత్వ హోదా గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నాను. నన్ను ఆపింది మా బస గదిలో స్నానాల గది తలుపు మీద అంటించిన కాగితం. నీళ్లు పొదుపుగా వాడండి, స్నానం త్వరగా ముగించండి అని మర్యాదగా వేడుకోలు. చుట్టూ సముద్రం ఉన్నా ఇక్కడ నీటి కరవే. సున్నపురాయి మీద మట్టి పలచటి పొర. వాన నీళ్లు పగుళ్లలోంచి జారిపోతాయి, నిలవ ఉండవు. వేసవిలో పర్యాటకులు దిగేసరికి బావులు అడుగంటుతాయి. 2016లో తూర్పు తీరంలో హెర్‌విక్ దగ్గర సముద్రపు నీటిని శుద్ధి చేసే కేంద్రం పెట్టారు. ఉప్పు తక్కువ కాబట్టి బయటి సముద్రాలతో పోలిస్తే ఇక్కడ ఆ పనికి కరెంటు తక్కువ పడుతుంది. ఈ సముద్రం చేసే మేలు కూడా ఒకటి కనిపించినందుకు సంతోషించాను.

శనివారం, ఫోరో

దీవి ఉత్తరపు కొసన ఫోరో అని మరో చిన్న దీవి ఉంది. మధ్యలో సన్నటి జలసంధి. దాటించే పసుపుపచ్చ బల్లకట్టుకు టికెట్టు లేదు, అది రహదారిలో భాగమట. కారుతో సహా కొద్ది నిమిషాల్లో అవతల ఉన్నాం.

లాంగ్‌హమ్మార్స్ తీరంలో నిలబడ్డ రాతి స్తంభాలను ఇక్కడ రౌక్ అంటారు. ఫొటోల్లో చూసి శిల్పాల్లా ఉంటాయనుకున్నాను. దగ్గరికెళ్తే రాయి ఒళ్లంతా గరుకు, గుంటలు. ఇవి సుమారు 42 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు దిబ్బలు. ఆ కాలంలో ఈ నేల భూమధ్యరేఖకు దగ్గర్లో వెచ్చటి లోతులేని సముద్రం కింద ఉండేది. పగడాలు, స్పంజిక జాతి జీవులు పేరుకుని గట్టి దిబ్బలు కట్టాయి. వాటి చుట్టూ పొరలుగా పడిన సున్నపురాయి మెత్తన. మంచుయుగం ముగిశాక నేల మెల్లగా పైకి లేస్తూ వచ్చింది, ఇప్పటికీ ఏటా కొద్ది మిల్లీమీటర్లు లేస్తూనే ఉంది. అలా తీరానికి వచ్చిన రాతిలో మెత్తటి భాగాన్ని అలలు తినేశాయి. తినలేకపోయిన పాత దిబ్బల ముక్కలే రౌకులు. కాలి కింద గులకరాళ్లలో చిన్న చిల్లుపెట్టిన బిళ్లలు దొరికాయి. సముద్ర లిల్లీలనే జంతువుల కాడల తునకలు అవి. కాలేజీ ల్యాబులో గాజు సీసాలో ఒక్కటే ఉండేది, పిల్లలు ముట్టుకోకుండా కాపలా కాసేదాన్ని. ఇక్కడ గుప్పెడు ఏరవచ్చు. అయితే ఇది రక్షిత ప్రాంతం, శిలాజాలు పట్టుకెళ్లకూడదు. అరచేతిలో పెట్టుకుని చూసి అక్కడే వదిలేశాను.

ఈ తీరంలో పోటూ పాటూ దాదాపు లేవు. మన సముద్రం రోజూ ముందుకొచ్చి వెనక్కు వెళ్తుంది, ఇక్కడ గాలి మళ్లితే, వాతావరణ పీడనం మారితే నీటిమట్టం కాస్త పెరిగి తగ్గుతుంది అంతే. అందుకని నీళ్లలో చేతులు పెట్టడానికి వేళాపాళా చూసుకోనక్కర్లేదు. మోకాళ్ల లోతుకు దిగి ఒక పలక రాయి తిప్పాను. రాయి కింద నల్ల ఆల్చిప్పలు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి, ఒక్కోటి నా బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది. అట్లాంటిక్ తీరంలో ఇదే నీలి ఆల్చిప్ప అరచేతి పొడవు దాకా పెరుగుతుంది. ఇక్కడ మూడు నాలుగు సెంటీమీటర్లతో సరి. ఒంట్లో ఉప్పు నిలుపుకోవడానికే దాని సత్తువ చాలావరకు ఖర్చవుతుంది, పెరగడానికి ఏం మిగులుతుంది? పక్కన గోధుమరంగు సముద్రపు నాచు. ఆకుల్లో గాలి బుడగలుండే రకం, వేలితో నొక్కితే టప్‌మని పేలుతాయి. ఆ నాచు మడతల్లో ఐసోపాడ్లనే ఇసుకరంగు చిన్న జీవులు, నీళ్లలోంచి ఎత్తగానే కాళ్లు ముడుచుకుని నాచు ముక్కలా పడుకున్నాయి. గంటసేపు వెతికినా అవే నాలుగైదు రకాల జీవులు మళ్లీ మళ్లీ. మన్నార్ సింధుశాఖలో ఒక్క రాయి కింద ఇంతకు పదింతల రకాలు దొరుకుతాయి.

గట్టు మీద తమ్ముడు కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అలలు తెచ్చి పడేసిన ఎర్రటి పీచు నాచు మోకాలి ఎత్తున కుళ్లుతోంది. గోట్లాండ్ రైతులు దీన్ని స్లేకె అంటారు. పూర్వం బండ్లకెత్తి పొలాలకు ఎరువుగా తోలేవారు, తర్వాత మానేశారు, ఇప్పుడు కొన్నిచోట్ల మళ్లీ తీయిస్తున్నారు. ఇందులో వెనకటి లెక్క ఒకటుంది. పొలాల నుంచి, ఊళ్ల నుంచి నత్రజని, భాస్వరం సముద్రంలోకి చేరి పీచు నాచును, జూలై ఆగస్టుల్లో నీటిమీద పచ్చటి తెట్టులా తేలే సయనోబాక్టీరియాను పెంచుతాయి. నోడ్యులేరియా అనే రకం విషపూరితం, పెంపుడు కుక్కలు ఆ నీళ్లు తాగి చనిపోయిన సందర్భాలున్నాయి. తెట్టు చచ్చి అడుగుకు దిగితే దాన్ని కుళ్లించడానికి అక్కడున్న ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. అడుగున బరువైన ఉప్పునీరు, పైన తేలికైన నీరు ఉండే సముద్రం ఇది. రెండూ కలవవు కాబట్టి పోయిన ప్రాణవాయువు తిరిగి అడుగుకు చేరదు. గోట్లాండ్‌కు తూర్పున 249 మీటర్ల లోతున్న గుంటలో ఏళ్ల తరబడి ఊపిరాడే జీవి ఉండదు. అప్పుడప్పుడు శీతకాలపు తుపాను ఒకటి డెన్మార్క్ వైపు నుంచి ఉప్పునీటిని బలంగా లోపలికి తోస్తే ఆ అడుగుకు కొత్త ప్రాణం వస్తుంది. 2014 డిసెంబరులో అలాంటి పెద్ద తోపుడు వచ్చింది. అయినా ఆ ఊరట ఎంతో కాలం నిలవలేదు.

తిరుగుదారిలో స్లీతె ఊరి పక్కగా వచ్చాం. స్వీడన్ వాడే సిమెంటులో సింహభాగం ఇక్కడి ఫ్యాక్టరీదే. సున్నపురాయి తవ్వకానికి 2021లో కోర్టు అనుమతి నిరాకరిస్తే దేశమంతా గగ్గోలు పుట్టింది, చివరికి ప్రభుత్వం చట్టాన్నే సవరించి దారి చేసింది. భూగర్భ జలాల గురించిన భయం ఒకవైపు, ఇళ్లు, వంతెనల అవసరం మరోవైపు. ప్రకృతిని కాపాడటంలో ఆదర్శమని పేరున్న దేశంలోనూ చివరికి సిమెంటుదే పైచేయి అయింది. మన దగ్గర గనుల పక్క ఊళ్లవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు.

ఆదివారం, దక్షిణపు తోపులు

దీవి దక్షిణ భాగంలో పచ్చిక బయళ్ల మధ్య ఓక్, యాష్ చెట్ల తోపులు ఉంటాయి. వసంతంలో రాలిన ఆకులను ఊడ్చి, ఎండాకాలంలో గడ్డి కోసి, తర్వాత పశువులను వదులుతూ తరతరాలుగా కాపాడుకొచ్చిన నేల ఇది. ఎరువు వేయరు, దున్నరు. ఆ నేల పేదరికమే ఆర్కిడ్లకు కలిసొచ్చింది. మేం వెళ్లేసరికి చాలావరకు పూసి వాడిపోయాయి. దారుల వెంట మాత్రం నీలిరంగు వైపర్స్ బ్యూగ్లాస్ విరగబూసి ఉంది, తేనెటీగల రొద కారు ఆపితే వినిపిస్తోంది.

చెట్లకు మనిషి అందే ఎత్తులో చెక్క గూళ్లు కట్టి ఉన్నాయి. అవి కాలర్డ్ ఫ్లైకాచర్ కోసం, మెడకు తెల్లటి పట్టీ ఉండే నలుపు తెలుపు పిట్ట. స్వీడన్‌లో దాని ముఖ్య నివాసం ఈ దీవి, పక్కనున్న ఓలాండ్. 1980 నుంచి ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన లార్స్ గుస్తాఫ్సన్, ఆయన శిష్యబృందం ఈ గూళ్లను ఏటా తెరిచి చూస్తూ, పిల్లలకూ తల్లిదండ్రులకూ కాళ్లకు రింగులు వేస్తూ, ఎవరి పిల్ల ఎవరో రాస్తూ వచ్చారు. చలికాలం గడపడానికి ఈ పిట్ట ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళ్తుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చాలా పిట్టలు పుట్టిన తోపు చుట్టుపక్కలకే వస్తాయి. దీవి కావడం ఇక్కడ పనికొచ్చింది: ఎటో వెళ్లిపోయి లెక్కలోంచి జారిపోయేవి తక్కువ.

వాళ్ల ప్రయోగాల్లో ఒకదాని గురించి నేను ఏటా క్లాసులో చెబుతాను. కొన్ని గూళ్లలోంచి ఒకటి రెండు పిల్లలను తీసి పక్క గూటిలో పెట్టారు. అదనపు పిల్లలను సాకిన తల్లి మరుసటి ఏడు తక్కువ గుడ్లు పెట్టింది. ఆ కిక్కిరిసిన గూట్లో పెరిగిన ఆడపిల్లలు పెద్దయ్యాక తామూ తక్కువ గుడ్లే పెట్టాయి. సంతానానికి తల్లి చెల్లించే ధర ఇంత అని అడవిలో, నిజమైన పిట్టల మీద కొలిచి చూపించిన పని అది. ఇంకోటి మరీ ఆశ్చర్యం. మగపిట్ట నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది. పెద్ద మచ్చ ఉన్నవాటికి ఒకప్పుడు మొగ్గు ఉండేది. వసంతాలు వెచ్చబడేకొద్దీ అది తలకిందులై, పెద్ద మచ్చ వాటికి నష్టంగా మారింది, మూడు దశాబ్దాల పైచిలుకు కాలంలో మచ్చలు చిన్నవయ్యాయి. ఇలాంటిది తెలియాలంటే అన్నేళ్లు ఒకే తోపులో తిరగాలి. మూడేళ్ల ప్రాజెక్టుల నిధులతో ఇది ఎన్నటికీ బయటపడేది కాదు.

పిల్లలు ఎగిరిపోయినట్టున్నాయి, మాకు కనిపించిన గూళ్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. పైన కొమ్మల్లో కీచుమని ఒకటి అరిచింది, అంతే. తోపులో అక్కడక్కడ ఎండి నిలబడ్డ చెట్లున్నాయి. ఎల్మ్ చెట్లను చంపే శిలీంధ్రం 2005లో ఈ దీవికి చేరింది, యాష్ చెట్లకు మరో తెగులు పట్టింది. పిట్టల లెక్క రాసినవాళ్ల పుస్తకాల్లో ఇకముందు చెట్ల లెక్క కూడా ముఖ్యమవుతుంది.

సోమవారం, స్టోరా కార్ల్సో

నా అసలు గమ్యం ఇది. క్లింతెహామ్న్ నుంచి చిన్న పడవలో అరగంట పైచిలుకు. చెట్లు పలచగా ఉన్న రెండున్నర చదరపు కిలోమీటర్ల బల్లపరుపు దీవి, అంచుల్లో నిలువు కొండచరియలు. పంతొమ్మిదో శతాబ్దంలో గొర్రెలు ఇక్కడి పచ్చదనాన్ని గీకి తినేశాయి, గుడ్లు ఏరేవాళ్లు, వేటగాళ్లు పక్షులను దాదాపు తుడిచిపెట్టారు. 1880లో విల్లీ వోలర్ అనే ఆయన పూనుకుని ఒక సంఘం పెట్టి, రైతుల దగ్గర వాటాలు కొంటూ దీవిని కాపాడే పని మొదలుపెట్టాడు. ఆ సంఘం పేరులో వేట, జంతు రక్షణ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నవ్వొస్తుంది కానీ, తమ సరదా కోసం కాపాడుకున్నవాళ్ల వల్లనే పక్షులు మిగిలాయన్నది నిజం. అమెరికాలోని యెల్లోస్టోన్ తర్వాత ప్రపంచంలో రెండో పాత రక్షిత ప్రాంతం ఇదేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు.

పడమటి చరియ దగ్గరికి వెళ్లేలోపే వాసన వచ్చింది, తర్వాత రొద. వేల గొంతులు ఒకేసారి గరగరమంటున్నాయి. గిల్లిమాట్, స్వీడిష్‌లో సిల్‌గ్రిస్లా. గోధుమ నలుపు వీపు, తెల్ల పొట్ట, నిటారుగా నిలబడే తీరు. సుమారు 25 వేల జంటలు, బాల్టిక్‌లోని గిల్లిమాట్లలో అధిక భాగం ఈ ఒక్క దీవిలోనే. గూడు కట్టవు. రాతి అంచు మీద ఒకదానికొకటి ఆనుకుని నిలబడి, ఒకే ఒక గుడ్డు పెడతాయి. గుడ్డు ఒకవైపు సూదిగా ఉంటుంది. దొర్లినా గుండ్రంగా తిరిగి అంచు దాటి పడకుండా అలా ఉంటుందని మా పాఠ్యపుస్తకం. వాలు రాతి మీద కదలకుండా నిలవడానికే ఆ ఆకారమని ఇప్పటి పరిశోధన చెబుతోంది. వచ్చే ఏడాది నోట్సు మార్చాలి.

నా ముందు అంచు మీదికి ఒక పక్షి రెక్కలు టపటపలాడించుకుంటూ వాలింది. ముక్కులో ఒకే ఒక చేప, తల నోట్లో, తోక బయట వేలాడుతోంది. పక్కవాటి మెడల మీదుగా పాక్కుంటూ తన పిల్ల దాకా వెళ్లి రెక్కలు కొంచెం ముడిచి చాటు చేసి అందించింది. చేప వెండి తళుకు ఒక్క క్షణం, అంతలో మాయం. పక్కనే రేజర్‌బిల్ అనే దాని దాయాది మాత్రం ముక్కులో అడ్డంగా మూడు నాలుగు చేపలు పేర్చుకుని వస్తుంది. గిల్లిమాట్‌ది ఒక్కో విడతకు ఒక్క చేపే. అందుకని ఆ చేప ఎంత కొవ్వు పట్టినదన్నది దానికి పెద్ద విషయం.

ఆ చేప స్ప్రాట్. మన కవళ్ల కుటుంబానిదే. 1980ల తర్వాత ఈ సముద్రంలో కాడ్ చేప కుప్పకూలింది. వేట మితిమీరడం ఒక కారణం. రెండోది ఉప్పు. కాడ్ గుడ్లు తేలాలంటే లీటరుకు 11 గ్రాముల ఉప్పుండాలి. అంత ఉప్పు ఇక్కడ లోతుల్లోనే ఉంటుంది, ఆ లోతుల్లో ప్రాణవాయువు ఉండదు. ఫోరోలో కుళ్లుతున్న నాచు దగ్గర మొదలైన కథ ఇక్కడికొచ్చి తగిలింది. కాడ్ తగ్గేసరికి అది తినే స్ప్రాట్ విపరీతంగా పెరిగింది. పక్షులకు పండగే అనుకుంటాం. కానీ 1990లలో గిల్లిమాట్ పిల్లల బరువు తగ్గిపోయింది. ఎందుకంటే స్ప్రాట్లు ఎక్కువై, ఒకదాని తిండి ఒకటి లాక్కుని, సన్నబడ్డాయి. తర్వాత స్ప్రాట్ వేట పెరిగి వాటి సంఖ్య తగ్గాక పిల్లలు మళ్లీ కాస్త బరువెక్కాయి. తూర్పు బాల్టిక్‌లో కాడ్ వేటను 2019లో ఆపేశారు, అయినా కాడ్ కోలుకోలేదు.

చరియ అంచున ఒక వింత కట్టడం నిలబడి ఉంది. 2008లో కట్టిన కృత్రిమ కొండ అది. బయటివైపు పక్షులకు రాతి అంచుల్లాంటి అరలు, లోపలివైపు పరిశోధకులకు గది. అసలు చరియ మీదికి మనిషి పాకితే పక్షులు లేచిపోతాయి. ఇక్కడ లోపల కూర్చుని చిన్న తలుపు తీస్తే చేయి చాపినంత దూరంలో పక్షి నిలబడి ఉంటుంది, దానికి తెలియదు. అరల్లో తూకాలు అమర్చి బరువు, కెమెరాలతో రాకపోకలు రాస్తారు. జోనాస్ హెంటాటి-సుండ్‌బెర్గ్, ఓలోఫ్ ఓల్సన్ మొదలుపెట్టిన పని ఇది. ఆ కట్టడం చాటున ల్యాప్‌టాప్ మీద వంగి కూర్చున్న ఒక విద్యార్థిని వీడియో చూపించింది. తూకం మీద నిలబడ్డ ఒక తండ్రి మూడు గంటలుగా కదల్లేదు, తల్లి వేటకు వెళ్లింది. ఎండ నేరుగా పడుతుంటే ముక్కు తెరిచి రొప్పుతోంది. వేడి ఎక్కువైన రోజుల్లో కొన్ని గుడ్డునో పిల్లనో వదిలి లేచిపోతాయట. ఈ ఉత్తర దేశంలో ఎండదెబ్బ గురించి వింటానని నేను అనుకోలేదు.

రాత్రి బస పాత దీపస్తంభం ఉద్యోగుల ఇళ్లలో. భోజనం ముగించి తొమ్మిది దాటాక కొండ కింది రాళ్ల తీరానికి దిగాం. వెలుతురు ఇంకా ఉంది. మూడు వారాల పిల్లలు దూకే కాలం ఇది. వాటికి ఎగిరే రెక్కలు ఇంకా రాలేదు, బరువు పావుకిలోకు అటూ ఇటూ. అయినా కొండ మీద ఆగి ఎదగడం కన్నా సముద్రం చేరడం మేలని ప్రకృతి తీర్పు. తండ్రి ముందు కిందికి దిగి పిలుస్తుంది. పైన పిల్ల అంచు దాకా వస్తుంది, వెనక్కి వెళ్తుంది, మళ్లీ వస్తుంది, సన్నగా కీచుమంటుంది. తమ్ముడు నా చేయి పట్టుకుని "దూకదులే అక్కా" అనే లోపు దూకేసింది. పొట్టి రెక్కలు విప్పుకుని, పాదాలు చాపుకుని, రాళ్ల మీద దబ్బున పడి, ఒకసారి ఎగిరి, లేచి నిలబడింది. ఏమీ కానట్టు నీళ్ల వైపు పరుగెత్తింది. దారిలో పరిశోధకులు దాన్ని పట్టుకుని, సంచిలో తూచి, కాలికి రింగు వేసి వదిలారు. అంతా ఒకటి రెండు నిమిషాలు. ఆ తర్వాత తండ్రీ బిడ్డా ఒకరినొకరు పిలుచుకుంటూ నీళ్లలో కలుసుకుని బయటికి ఈదారు. ఇకపై వారాల తరబడి పిల్లను పెంచేది తండ్రే. తల్లి కొన్నాళ్లు ఖాళీ అరనే అంటిపెట్టుకుని నిలబడుతుందట. చీకటి పడేదాకా ఇంకా ఎన్నో దూకాయి. రాళ్ల సందులో ఇరుక్కున్నదాన్ని ఒకామె రెండు చేతులతో తీసి నీటి అంచున పెట్టింది. తమ్ముడు ఫోన్లో ఫొటోలు తీయడం ఎప్పుడో మానేశాడు.

మంగళవారం, దీవి నుంచి వెనక్కి

పొద్దున్నే చరియ మీద ఉన్నట్టుండి రొద ఆగిపోయింది. వెంటనే వేల రెక్కల ఒకే చప్పుడు. పక్షులన్నీ సముద్రం మీదికి కురిసినట్టు జారిపోయాయి. ఖాళీ అంచుల మీద అక్కడక్కడ ఇంకా పొదగాల్సిన గుడ్లు, ఒంటరి పిల్లలు బయటపడ్డాయి. తల ఎత్తితే తెల్లతోక సముద్ర గద్ద, వెడల్పాటి రెక్కలు చాచి తాపీగా పోతోంది. అది గిల్లిమాట్‌ను పట్టనక్కర్లేదు, అటు పోతే చాలు. తల్లిదండ్రులు లేచిన అరల్లోకి కాకులు, గల్ పక్షులు దిగుతాయి.

ఈ గద్ద కథ తెలియకపోతే దాని మీద కోపం వస్తుంది. 1960, 70లలో బాల్టిక్ గద్దల గుడ్లు పొదగలేనంత పలచబడ్డాయి, పిల్లలు కరవయ్యాయి. డీడీటీ అనే పురుగుమందు ఒకవైపు, 1966లో రసాయన శాస్త్రవేత్త సోరెన్ యెన్సెన్ బయటపెట్టిన పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలు మరోవైపు. అవి చేపల కొవ్వులో చేరి గద్దల్లోకి వచ్చాయి. నిషేధాలు పెట్టి, చలికాలంలో విషం లేని కళేబరాలు వేసి మేపి, దశాబ్దాల పాటు కాపాడితే గద్దలు తిరిగొచ్చాయి. ఆ రసాయనాల జాడను ఏటేటా కొలవడానికి వాడిన గుడ్లలో ఈ దీవి గిల్లిమాట్ల గుడ్లు కూడా ఉన్నాయి, 1960ల చివరి నుంచి. అంటే గద్దలకు సముద్రం మళ్లీ పనికొచ్చేలా శుభ్రపడిందని చెప్పిన సాక్షుల్లో ఈ గిల్లిమాట్లే ఒకటి.

2020లో కొవిడ్ కారణంగా దీవికి పర్యాటకులు దాదాపు రాలేదు. పక్షులకు ప్రశాంతత దొరికిందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. మనుషులకు భయపడే గద్దలు ధైర్యం తెచ్చుకుని అంతకుముందుకన్నా ఏడు రెట్లకు పైగా కనిపించాయి. మే మొదటి నుంచి జూన్ మొదటి వారం దాకా గిల్లిమాట్లు అరలు వదిలి ఉన్న మొత్తం సమయం 72 నిమిషాల నుంచి 602 నిమిషాలకు పెరిగింది. ఆ ఏడు పిల్లల సంఖ్య 26 శాతం తగ్గింది. పర్యాటకం అంటే ప్రకృతికి చేటని ఇరవయ్యేళ్లుగా పరీక్షల్లో రాయిస్తున్నదాన్ని నేను. నేలపట్టులో గూడబాతుల దగ్గరికి జనం తోసుకెళ్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, ఇక ముందూ మండుతుంది. అక్కడ మనిషికి భయపడేది గూడు కట్టిన పక్షి. ఇక్కడ మనుషులకు ఏనాడో అలవాటుపడ్డ గిల్లిమాట్ల మధ్య, భయపడేది గద్ద ఒక్కటే. అదే తేడా.

"మరి గద్దలను తరిమేయొచ్చు కదా?" అని తమ్ముడు ఆ విద్యార్థినిని అడిగాడు. ఆమె నవ్వి, అంత కష్టపడి తెచ్చుకున్నవాటిని ఎవరు తరుముతారు అంది. పర్యాటకులు ఏ దారిలో, ఏ వేళల్లో నడుస్తున్నారో గమనించడం కూడా ఇప్పుడు తమ పనిలో భాగమంది.

మధ్యాహ్నం పడవ వచ్చింది. అందులోంచి ముప్పై నలభై మంది దిగారు, కొందరు పిల్లలు అప్పటికే కేకలు పెడుతున్నారు. గైడు వాళ్లను పడమటి చరియ వైపు నడిపించుకుని వెళ్లాడు. మేం ఎక్కాక తమ్ముడు రసీదు తీసి చూసుకుంటూ, "అక్కా, డబ్బులు మనమే కట్టి రెండు పూటలు కాపలా కాశామన్నమాట. ఆ గిల్లిమాట్లే మనకు జీతం ఇవ్వాలి" అన్నాడు. క్లింతెహామ్న్ చేరేదాకా ఆ జీతం స్ప్రాట్ల లెక్కన ఎంతవుతుందో కడుతూనే ఉన్నాడు.